జాబితా అంచున పెన్సిలు గుర్తులు

రాజనీతిశాస్త్రము బోధించి బ్రదుకువానికి నంద్యాలలో కాపురముండుట ఒక విధముగ సుకృతము, మరియొక విధముగ శిక్ష. సుకృతమేల యనగా, కొద్ది నెలలలో రాష్ట్రపతి కానున్న ఒకరిని, అప్పటికే ప్రధానమంత్రియై యున్న మరియొకరిని లోకసభకు పంపిన నియోజకవర్గమును తన యింటి అరుగు మీదనుండియే చూచుచు కూర్చుండవచ్చును. శిక్ష యేల యనగా, ఉదయము తరగతిలో గొంతు పోవునట్లు అరచి నిలువబెట్టిన సిద్ధాంతమును సాయంత్రము టీకొట్టు దగ్గర ఎవడో ఒకడు, గ్లాసు క్రింద పెట్టకుండగనే, ఒక్క మాటతో పడగొట్టి పోవును. ముప్పది యేండ్లుగా నేనీ రెంటిని అనుభవించుచున్నాను.

దూరపు విశ్వవిద్యాలయముల నుండి పరిశోధనకై వచ్చు పిల్లలు బస్సు దిగీ దిగకముందే నన్నడుగు ప్రశ్న ఒక్కటే: "సార్, ఇక్కడ ఏ కులానికి ఎన్ని ఓట్లు?" వారిని తప్పుపట్టను. వారి గురువులు ఆ ప్రశ్ననే నేర్పి పంపినారు. పత్రికలవారు ప్రతి ఎన్నికకు ముందు ఆ పట్టికనే వేయుదురు. అయినను నేను వారిని కూర్చుండబెట్టి, మజ్జిగ ఇచ్చి, మొదట ఒక లెక్క చేయింతును. నంద్యాల లోకసభ నియోజకవర్గములో శాసనసభా స్థానములు ఏడు: ఆళ్లగడ్డ, శ్రీశైలము, నందికొట్కూరు, పాణ్యము, నంద్యాల, బనగానపల్లె, డోన్. వీనిలో నందికొట్కూరు షెడ్యూల్డు కులములకు ప్రత్యేకించినది. నంద్యాలలో 2024లో నెగ్గినవారు ఎన్.ఎం.డి. ఫరూక్, అంతకు పూర్వమును ఆ స్థానమునుండి నెగ్గినవారే. మిగిలిన అయిదింటిలోను ఆ యేడు గెలిచినవారు రెడ్లు. వారి చేతిలో ఓడిన ప్రధాన ప్రత్యర్థులును రెడ్లే. గెలిచినవారిదిని ఓడినవారిదిని ఒకే కులమైనప్పుడు, గెలుపునకు కారణము కులమని ఎట్లు చెప్పుదురు నాయనా అని అడిగినచో, పిల్లలు పెన్ను మూత పెట్టి నా ముఖము చూతురు.

అట్లని కులము లేదని నా అభిప్రాయము కాదు. అట్లనువాడు ఈ జిల్లాలో ఒక్క పెండ్లికైనను పోయి పంక్తిలో కూర్చుండనివాడై యుండవలెను. కులమిచ్చట ద్వారపాలకుని వంటిది. గోదాలోనికి ఎవరు దిగవలెనో, ఎవరు గట్టుమీద నిలబడి కేకలు వేయవలెనో అది నిర్ణయించును. దిగిన ఇద్దరిలో ఎవరు నెగ్గుదురో చెప్పుట దాని పని కాదు. 1970లో రజనీ కొఠారీ సంపాదకత్వమున భారత రాజకీయములలో కులమును గూర్చి వెలువడిన గ్రంథములో, కేరొలిన్ ఎలియట్ అను అమెరికా విదుషి ఆంధ్రదేశపు రెడ్లను కమ్మలను గూర్చి వ్రాసిన వ్యాసమునకు శీర్షికలోనే కులముతోపాటు ముఠాను కూడ జతచేసినది. ఆ జంటపదమును మాత్రము చాలమంది మరచిపోయి, మొదటి సగమునే పట్టుకొని వ్రేలాడుచున్నారు.

ఇక ఈ సీమలో దైవము మాకనుగ్రహించిన ప్రయోగశాలను గూర్చి చెప్పవలెను. రసాయనశాస్త్రజ్ఞుడు రెండు గొట్టములలోని ద్రవములను మార్చి పోసి ఏమగునో చూచును. మాకట్టి సదుపాయము లేదు, మనుష్యులను మార్చి పోయుటకు వీలులేదు గదా. కాని నంద్యాలలో ఆ పని నాయకులే చేసిపెట్టినారు. 2014లో నంద్యాల శాసనసభా స్థానమునకు భూమా నాగిరెడ్డి వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమునను, శిల్పా మోహన్ రెడ్డి తెలుగుదేశము పక్షమునను పోటీచేసిరి. నాలుగువేలకు లోపు ఆధిక్యముతో నాగిరెడ్డి నెగ్గెను. 2016లో ఆయన తెలుగుదేశములో చేరెను. 2017 మార్చిలో ఆయన మరణించుటచే ఉపఎన్నిక వచ్చినది. ఆయన అన్నకుమారుడు బ్రహ్మానందరెడ్డికి తెలుగుదేశము టిక్కెట్టు దక్కగా, శిల్పా మోహన్ రెడ్డి వై.ఎస్.ఆర్. కాంగ్రెసులోనికి పోయి నిలిచెను. ఇండ్లు రెండును అవియే. జెండాలు మాత్రము ఒకరివి ఒకరు పుచ్చుకొనిరి. ఓటరు జెండా వెంట పోవునా, ఇంటి వెంట పోవునా? ఆగస్టు నెలాఖరున పెట్టె విప్పగా భూమావారి యిల్లు 27 వేలకు పైబడిన ఓట్ల ఆధిక్యముతో నిలిచినది.

నేను అమితోత్సాహముతో ఆ వారమే తరగతిలో ప్రకటించితిని: "ఇల్లే ప్రధానము, జెండా కాదు." ఒక పిల్లవాడు వెనుక బెంచీ నుండి లేచి, "సార్, అధికారంలో ఉన్న పార్టీ ఉపఎన్నికలో ఓడిపోయేది ఎప్పుడైనా చూసినారా?" అని కూర్చున్నాడు. వాని మాటలోని సారము 2019లో తెలిసినది. అవే రెండిండ్లు, అవే జెండాలు. శిల్పావారి పక్షమున మోహన్ రెడ్డి కుమారుడు రవిచంద్రకిశోర్ రెడ్డి నిలిచినాడు. రాష్ట్రమంతట 175 స్థానములలో 151 వై.ఎస్.ఆర్. కాంగ్రెసునకు పోయిన ఆ గాలిలో, రెండేండ్ల క్రిందట 27 వేలతో నెగ్గిన యిల్లు 34 వేలకు పైబడి ఓడినది. ఆళ్లగడ్డలోను ఇదే వరుస. 2014లో అచ్చట గంగులవారు తెలుగుదేశము, భూమావారు వై.ఎస్.ఆర్. కాంగ్రెసు, 2019 నాటికి తారుమారు. మొదటిసారి భూమావారు, రెండవసారి గంగులవారు. 2024లో తిరిగి భూమా అఖిలప్రియ. కులమునకు ఒక ఎన్నిక, ఇంటికి ఒక ఎన్నిక, గాలికి ఒక ఎన్నిక సాక్ష్యము చెప్పుచుండగా, ఈ మూటిలో ఏ ఒక్కదానినో పట్టుకొని పరిశోధనాపట్టము పొందినవారిని చూచిన నాకు కొంత అసూయయే కలుగును.

ఈ యిండ్లను మావైపు జనులు ‘వర్గము’ అందురు. పాపము, ఆ మాట మోయుచున్న బరువు మరియే తెలుగు మాటయు మోయుట లేదు. మార్క్సు చెప్పినది వర్గపోరాటము, ప్రభుత్వము రిజర్వేషన్లు ఇచ్చునది వెనుకబడిన వర్గములకు, ఓటువేయునది నియోజకవర్గములో, గెలిచినవారు చేరగోరునది మంత్రివర్గములో, ఊరిలో రచ్చబండ మీద మాటలాడునది ఫలానావారి వర్గమును గూర్చి. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి, పి.వి. నరసింహారావు దానికి తొలి అధ్యక్షుడై, కళాశాలల శాస్త్రగ్రంథములన్నియు తెలుగులోనికి దిగుచున్న కాలమున పారిభాషికపదములు కూర్చిన పండితులకు ఈ అయిదు అర్థములు ఒకే బల్లపై ఢీకొనునని తోచలేదు కాబోలు.

తోచినను ఏమి చేయగలరు? ఒక వేసవిలో జవాబుపత్రములు దిద్దు శిబిరములో, ఫ్యాను తిరుగని గదిలో, నాకొక పత్రము తగిలినది. వర్గపోరాట సిద్ధాంతమును వివరింపుమనుట ప్రశ్న. ఆ పిల్లవాడు ముత్యములవంటి అక్షరములతో ఇట్లు మొదలుపెట్టినాడు: ప్రతి ఊరిలో రెండు వర్గములుండును, ఒక వర్గమువారి పొలమునకు కాలువనీరు వచ్చినచో రెండవ వర్గమువారికి రాదు, నాయకులిద్దరికిని కార్లుండును, వెంట తిరుగువారికి ఉండవు, తలలు పగులునది వెంట తిరుగువారికే, దీనినే మార్క్సు మహాశయుడు వర్గపోరాటమనెను. నమూనా సమాధానము ప్రకారము దీనికి పదింట ఒకటిన్నర కూడ రాదు. నేను ఆరు వేసితిని. పర్యవేక్షకుడు పిలిపించి కారణమడుగగా, "మార్క్సు దృష్టిలో తప్పు, మన కె.సి. కాలువ దృష్టిలో ఒప్పు" అంటిని. ఆయన నవ్వి నాలుగు చేసినాడు. వరంగల్లులో గణితము బోధించుచు, ఆ ఉద్యోగము విడిచి న్యాయవాదియై, 2009లో మరణించిన బాలగోపాల్ రాయలసీమ ముఠాకక్షలను గూర్చి వ్రాసిన వ్యాసములను ఆ కుర్రవాడు చదివియుండడని నిశ్చయముగ చెప్పగలను; చదివియున్నచో భాష ఇంత సూటిగా ఉండదు.

మా యింటికి ఒకసారి అమెరికా నుండి ఒక పరిశోధకురాలు వచ్చి, కులమనగా మా దేశపు జాతిభేదము వంటిదేనా అని అడిగినది. ఈ ప్రశ్నకు నూరేండ్ల చరిత్ర ఉన్నది. పంజాబు బ్రాహ్మణుడును పంజాబు చమారును ఒకే జాతిమూలమునకు చెందినవారని, కులము రక్తభేదమును చాటు రేఖ కాదని అంబేడ్కర్ 1936 నాటి గ్రంథములోనే వాదించెను. అదే అంబేడ్కర్ 1946లో నల్లజాతి మేధావి డుబోయిస్‌కు లేఖ వ్రాసి, ఐక్యరాజ్యసమితికి నీగ్రోలు సమర్పించిన విజ్ఞప్తిపత్రము ప్రతులు కావలెనని కోరెను. మూలము ఒకటి కాదు, బాధ ఒకటే యన్నమాట. 2001లో డర్బన్ నగరములో జరిగిన ప్రపంచసభలో ఈ వాదమే మరల రేగగా, మన ప్రభుత్వము కులము జాతిభేదము కాదని గట్టిగా పట్టుపట్టినది; అంబేడ్కర్ చెప్పిన మొదటి సగము వారికక్కరకు వచ్చినది, రెండవ సగము రాలేదు.

కాని ఆ యువతి చెప్పిన ఒక సంగతి నన్ను పుస్తకములకంటె ఎక్కువగ ఆలోచింపజేసినది. జార్జియా, ఫ్లోరిడా, లూసియానా వంటి దక్షిణ రాష్ట్రములలో ఓటరుగ పేరు నమోదు చేసికొనునప్పుడే జాతి యేదో పత్రములో అడుగుదురట. ఒకనాడు నల్లవారిని ఓటుకు దూరముగ నుంచిన సీమలే అవి. 1965 నాటి ఓటుహక్కుల చట్టము తరువాత అచ్చటి న్యాయస్థానములకు, పరిశోధకులకు ఆ గడియే సాక్ష్యమైనది. మన ఓటర్ల జాబితాలో పేరు, తండ్రి లేక భర్త పేరు, ఇంటినంబరు, వయస్సు, లింగము ఉండును. కులపు గడి లేదు. "అయితే మీ పార్టీలకు తెలియదా?" అని ఆమె అమాయకముగ అడుగగా, ఊరిలో పుట్టిన ఏజెంటుకు ఇంటిపేరు వినినంతనే ఏడు తరములు తెలియునని చెప్పితిని. అచ్చువేసిన జాబితా వేరు, దాని అంచున పెన్సిలుతో వ్రాసికొన్న జాబితా వేరు. ఆ రెండవ జాబితాను నేను ఒక్కసారియే దగ్గరగా చూచితిని.

దానిని చెప్పకముందు 1991ని దాటిపోరాదు. దాటిపోయినచో నంద్యాలవారెవరును నన్ను క్షమింపరు. జూన్ 21న ప్రధానిగ ప్రమాణము చేసిన నరసింహారావు అప్పటికి ఏ సభలోను సభ్యుడు కాడు; రాజ్యాంగము ప్రకారము ఆరునెలలలో కావలెను. ఆళ్లగడ్డ గంగుల కుటుంబమునకు చెందిన గంగుల ప్రతాపరెడ్డి తన లోకసభ స్థానమును ఖాళీచేసి ఇచ్చినారు. తెలుగువాడు ప్రధానియైనాడు గనుక పోటీ పెట్టమని ఎన్.టి. రామారావు ప్రకటించెను. భారతీయ జనతా పార్టీ అభ్యర్థి బంగారు లక్ష్మణ్ మీద వచ్చిన ఆధిక్యము 5,80,297. గిన్నిస్ పుస్తకమునకెక్కిన సంఖ్య. కరీంనగరు జిల్లా నియోగి బ్రాహ్మణునికి రెడ్ల సీమలో ఇన్ని ఓట్లు ఏ కులపు లెక్కలో చేరునో పై పిల్లలే చెప్పవలెను. 1996లో భూమా నాగిరెడ్డి ఎదురు నిలిచినప్పుడు అదే ప్రధానికి అదే చోట ఆధిక్యము లక్షలోపునకు దిగినది. 1977లో కాంగ్రెసు రాష్ట్రములోని 42 లోకసభ స్థానములలో 41 గెలిచినప్పుడు మిగిలిన ఆ ఒక్కటి కూడ నంద్యాలయే. జనతాపక్షమున గెలిచిన నీలం సంజీవరెడ్డి ఆ యేటనే మొదట స్పీకరు, పిమ్మట ఏకగ్రీవముగ రాష్ట్రపతి యయ్యెను. గాలి సిద్ధాంతమునకు 1977, కుల సిద్ధాంతమునకు 1991 కొరకరాని కొయ్యలు.

2014 మే 7. ఆళ్లగడ్డ నియోజకవర్గములో ఒక పల్లెటూరి బడిలో నేను ప్రిసైడింగు అధికారిని. ముందురాత్రి ఆ బడి వరండాలోనే పండుకొంటిమి. నల్లరేగడి నేల వేడి చాప గుండా తగులుచుండెను. రెండు యంత్రములు, లోకసభ బ్యాలెటు కాగితము తెల్లనిది, శాసనసభది గులాబిరంగుది. ఆ గులాబి కాగితము మీద పదుమూడు రోజుల క్రిందట కన్నుమూసిన భూమావారి యింటి వై.ఎస్.ఆర్. కాంగ్రెసు అభ్యర్థి శోభా నాగిరెడ్డి పేరు, గుర్తు అట్లేయున్నవి. ప్రచారము ముగించి వచ్చుచుండగా జరిగిన రోడ్డు ప్రమాదములో గాయపడి ఏప్రిల్ 24న ఆమె హైదరాబాదులో మరణించినది. అభ్యర్థి మరణించినచో పోలింగు ఆపుట పూర్వపు నియమము; 1996లో ప్రజాప్రాతినిధ్య చట్టమును సవరించి, గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థియైన యెడలనే ఆపవలెనని మార్చిరి. ఆమె పార్టీ ఆనాటికి రిజిస్టరైనదే కాని గుర్తింపు పొందినది కాదు. కావున పోలింగు ఆగలేదు. ఉదయమునుండి క్యూలో ప్రతి పదవ మనిషియు నన్నడిగిన ప్రశ్న ఇది: "సచ్చిపోయినాయమ్మకు ఏస్తే చెల్లుతాదా సారూ?" మిషను మీద పేరున్నవారిలో ఎవరికి వేసినను ఓటేనని చెప్పి చెప్పి నా నోరెండినది. ఆమె దాదాపు 18 వేల ఆధిక్యముతో గెలిచినది. ఆ శరత్కాలమున జరుగవలసిన ఉపఎన్నికలో ఆమె కుమార్తె అఖిలప్రియ పోటీలేకుండ ఎన్నికైనది.

మిట్టమధ్యాహ్నము ఎనుబది యేండ్ల అవ్వ యొకతె మనుమని భుజము పట్టుకొని వచ్చినది. ఆంథొనీ డౌన్స్ అను అర్థశాస్త్రజ్ఞుడు 1957లో వ్రాసిన గ్రంథమును నేను ఏటేట బోధింతును: లక్షల ఓట్లలో ఒక్క ఓటు ఫలితమును మార్చు అవకాశము ఇంచుమించు సున్న, పోయివచ్చు శ్రమ మాత్రము నిజము, కావున లెక్క తెలిసినవాడు ఇంటనే యుండవలెను, అయినను జనులేల వచ్చుచున్నారన్నది ఆ శాస్త్రమునకు పెద్ద చిక్కు. సిరా పెట్టుచుండగా, ఈ ఎండలో ఏల శ్రమపడితివి అవ్వా అని అడిగితిని. "ఏయకపోతే ముసిల్ది సచ్చిపోయిందని పేరు కొట్టేస్తారు నాయనా. పేరు పోతే పింఛనీ పోతాది" అన్నది. ఆ గదిలో మరణించినవారి పేరు మిషను మీద వెలుగుచుండ, బ్రదికియున్నవారు తాము బ్రదికియున్నామని సంతకము పెట్టుటకు వచ్చుచున్నారు.

ఆ పూట నా కెదురుగ ఒకే బెంచీమీద రెండు వర్గముల ఏజెంట్లు కూర్చుండిరి. ఇద్దరును ఒకే బడిలో చదివినవారు. పది గంటలకు ఒకని ఇంటినుండి చిత్రాన్నము వచ్చినది. రెండవవాడును దానినే తిన్నాడు. వారి చేతులలో ఓటర్ల జాబితా ప్రతులు, ప్రతి పేరు ప్రక్కన పెన్సిలు గుర్తు. కులము వ్రాసి యుంటారని నేను తొంగిచూచితిని. కులము లేదు, అది వ్రాయవలసిన పనిలేని సంగతి. మావాడు అనుటకు ఒక గీత, వారివాడు అనుటకు అడ్డుగీత. అక్కడక్కడ ప్రశ్నార్థకము.

ఆ గీతలు ఎట్లు నిలుచునో చదువరులు తెలిసికొనవలెను. కాగితపు ఓట్ల కాలములో, బెదిరింపులకు అవకాశమున్నచోట్ల అనేక కేంద్రముల బ్యాలెట్లను కలిపి లెక్కించుటకు ఒక నియమముండెడిది. ఏ ఊరు ఎటు వేసినదో పైకి తెలియకుండుటకే ఆ యేర్పాటు. యంత్రములు వచ్చి లెక్క వేగమైనది, ఆ ముసుగు పోయినది. వేయి, పదునాలుగు వందల ఓట్ల బూతులో ఎవరికెన్ని పడినవో ఇప్పుడు పత్రములో అచ్చగును. చిన్న ఊరిలో ఒక వర్గమునకు నూటపది గీతలుండి తొంబదియే పడినచో, ఆ ఇరువది యెవరని వెదకుట కష్టము కాదు. అనేక యంత్రముల ఓట్లను కలిపి చూపు టోటలైజరు అను ఉపకరణమును ఎన్నికల సంఘము 2008లోనే సూచించినది, న్యాయసంఘము 2015లో బలపరచినది, కేంద్రప్రభుత్వము అంగీకరింపలేదు. రహస్యమనగా పరదా వెనుక నిలిచిన ఒక్క క్షణము కాదు, మరునాటినుండి అయిదేండ్లు ఊరిలో తలయెత్తుకొని తిరుగుట. ఈ సంగతి ఢిల్లీలోకంటె ఆళ్లగడ్డ పల్లెలలో ఎక్కువ తెలియును.

ఆనాటి సాయంత్రము ఆరుగంటలకు క్లోజ్ మీట నొక్కితిని. లక్క కరగించి సీలు వేయుచుండగా, పడిన ఓట్ల లెక్క తెలుపు పదునేడు సి పత్రముల ప్రతులకై ఏజెంట్లు వేచియుండిరి. కుతూహలము పట్టలేక అడిగితిని: ప్రశ్నార్థకములు ఎన్ని? మొదటివాడు లెక్కించి నలుబదిరెండు అన్నాడు. రెండవవాడు తన కాగితము చూచుకొని నలుబదియొకటి అన్నాడు. ఇద్దరును జాబితాలు ప్రక్కప్రక్కన పెట్టి చూచిరి. ఒక్క పేరు తప్ప మిగిలినవన్నియు ఒకటే. "సార్, మీ పుస్తకాల్లో వీళ్లనేమంటారు?" అని మొదటివాడడిగెను. ఎటూ తేల్చుకోని ఓటర్లందుమని చెప్పితిని. వాడు పెన్సిలు చెవికి పెట్టుకొని, "తేల్చుకోక కాదు సార్, మాకు చెప్పక" అని పత్రము మీద సంతకము చేసి ప్రతి తీసికొన్నాడు. బయట మమ్ము తీసికొనిపోవు బస్సు హారను కొట్టుచుండెను. నేను పెట్టెలు లెక్కపెట్టుకొంటిని.